కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు దగ్గర తక్కువ రేటు లాడ్జి ఏదైనా చెప్తారా?

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా నాయన్ని తీసుకుని అనంతపురం నుంచి కర్నూలు వస్తున్నా, రెండు రాత్రులు ఉండాలి. 1953 నుంచి 56 దాకా కర్నూలు రాజధానిగా ఉన్నప్పుడు గుడారాల్లో ఆఫీసులు నడిచేవి కదా, అప్పుడు మా తాత అక్కడే గుమాస్తా, నాయనకు ఏడెనిమిదేళ్లు. ఇప్పుడు పొద్దున్నే లేచి బురుజు దాకా నడిచి, ఆ పాత సందులన్నీ ఒకసారి చూసుకోవాలని ఆయన ఆశ, అందుకే కొత్త బస్టాండ్ వైపు వద్దు, పాత ఊర్లోనే కావాలి.

బడ్జెట్ రోజుకు వెయ్యి, మహా అయితే పన్నెండొందలు. ఏసీ లేకున్నా పర్లేదు గానీ గ్రౌండ్ ఫ్లోర్ రూము, వెస్ట్రన్ టాయిలెట్ మాత్రం తప్పనిసరి, ఆయనకు మోకాళ్లు వంగవు. పోయినసారి వేరే ఊర్లో ఫోన్లో లిఫ్ట్ ఉందన్నారు, తీరా పోతే అది పనిచేయట్లేదు, మూడంతస్తులు ఎక్కేసరికి పాపం మెట్ల మీదే కూర్చుండిపోయినాడు, ఆ మొహం ఇంకా మర్చిపోలేకున్నా. అందుకే స్వయంగా ఉండి చూసినోళ్లు చెప్తే బాగుంటుంది. రాత్రి లారీల హారన్ల గోల ఎట్లుంటుంది? దగ్గర్లో పొద్దున ఉగ్గాని బజ్జి దొరికే చోటు కూడా చెప్పండి, ఆయనకు అది లేకుంటే తెల్లారదు.