ట్రాక్ మీద గేర్‌బాక్స్ ఆయిల్ 126 డిగ్రీలు: కూలర్ కొనాలా, ముందు ఇంకేమైనా చూడాలా?

ఫ్రిస్కో335 (ప్రశ్న)

మిత్రులకు నమస్కారం. నేను డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. నాది 2014 నాటి బీఎండబ్ల్యూ 335ఐ. ఎన్55 ఇంజిన్, జెడ్ఎఫ్ వారి 8హెచ్‌పీ45 ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. కంపెనీ లెక్క ప్రకారం ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 400 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ ట్యూన్ (సాఫ్ట్‌వేర్ మార్పు), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం), పెద్ద ఇంటర్‌కూలర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) వేయించాక అది 540 దాకా వస్తోందని ట్యూనర్ చెప్పారు.

రోజూ ఆఫీసుకు వెళ్లి వచ్చేటప్పుడు ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే పరికరం) గేర్‌బాక్స్ ఆయిల్ ఉష్ణోగ్రత 85 నుంచి 92 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలకడగా ఉంటుంది. చిక్కంతా ట్రాక్ మీదే. జూలైలో, బయట 38 డిగ్రీల ఎండలో, క్రెసన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్‌లో 1.7 మైళ్ల ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్‌కు దిగాను. నాలుగో ల్యాప్‌లో 108, ఏడో ల్యాప్‌లో 118, తొమ్మిదో ల్యాప్‌లో 126 చూపించింది. ఆ వెంటనే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగి, యాక్సిలరేటర్ తొక్కినా కారు లాగడం మానేసింది. పిట్‌లోకి వచ్చి కారు పక్కన నిలబడితే ఏదో కాలిన వాసన వచ్చింది కానీ, అది బ్రేకులదో ఆయిల్‌దో తేల్చుకోలేకపోయాను.

బండి 68,000 మైళ్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఏడాది క్రితం ఇక్కడే ఒక గ్యారేజ్‌లో మార్పించాను. గాలితో చల్లబడే కూలర్ ఒకటి ముందు వైపు బిగించాలా, గేర్‌బాక్స్ అడుగున ఎక్కువ ఆయిల్ పట్టే అల్యూమినియం ప్యాన్ వేయాలా, లేక గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ మార్పించాలా అన్నది నా సందేహం.

టర్బైన్ (జవాబు 1)

ఫ్రిస్కో గారూ, కూలర్ సంగతి తర్వాత చూద్దాం. వేడి ఎక్కడ పుడుతోందో తేల్చకుండా దాన్ని బయటికి పంపే ఏర్పాట్లు చేయడం చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది.

మీ గేర్‌బాక్స్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే భాగం) ఉంటుంది. దాని రెండు వైపులనూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ కారు కదిలిన కాసేపటికే పట్టుకుంటుంది. కాబట్టి ట్రాక్ మీద కన్వర్టర్ ఆయిల్‌ను చిలికి వేడి పుట్టించే సమయం మనం అనుకునేంత ఉండదు. వేడి ఎక్కువగా పుట్టేది ఆ లాకప్ క్లచ్ పూర్తిగా పట్టకుండా కొద్దికొద్దిగా జారుతున్నప్పుడు, ఆపైన గేరు మారే ప్రతిసారీ లోపలి క్లచ్ ప్లేట్లు ఒరుసుకున్నప్పుడు. ఇంజిన్ తాను ఎంత టార్క్ ఇస్తోందో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు క్షణక్షణం చెబుతూ ఉంటుంది. ఆ అంకెను బట్టే క్లచ్‌ల మీద ఎంత పీడనం పెట్టాలో గేర్‌బాక్స్ నిర్ణయించుకుంటుంది. కొన్ని ట్యూన్లలో అసలు టార్క్ పెరిగినా గేర్‌బాక్స్‌కు చేరే అంకె మాత్రం దాదాపు పాతదే ఉంటుంది. అప్పుడు పీడనం చాలక క్లచ్ జారుతుంది. నడిపేవారికి అది తెలియదు. గేర్లు ఇంకా మెత్తగా పడుతున్నాయని సంతోషిస్తారు కూడా.

జారుడు ఎంత వేడి పుట్టిస్తుందో లెక్క వేసి చూడండి. 540 న్యూటన్ మీటర్ల దగ్గర ఇంజిన్‌కూ, కన్వర్టర్‌లో గేర్ల వైపు తిరిగే టర్బైన్‌కూ మధ్య నిమిషానికి 50 చుట్ల తేడా ఉంటే సుమారు 2.8 కిలోవాట్ల వేడి పుడుతుంది. అదే తేడా 200 అయితే 11 కిలోవాట్లు దాటుతుంది. గేర్‌బాక్స్‌లో ఉండే ఎనిమిది తొమ్మిది లీటర్ల ఆయిల్‌ను, చుట్టూ ఉన్న లోహాన్నీ కూలర్‌నూ లెక్కలోకి తీసుకోకపోతే, పది డిగ్రీలు పెంచడానికి ఆ 11 కిలోవాట్లకు పావు నిమిషం కూడా పట్టదు. నాలుగు, ఐదు గేర్లలో పూర్తిగా తొక్కి, ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం రెండూ లాగ్ చేసి ఇక్కడ పెట్టండి.

పిట్‌వాల్ (జవాబు 2)

టర్బైన్ గారి మాటతో ఏకీభవిస్తాను. అయితే కూలర్ గురించి అడిగారు కాబట్టి నా కారు మీద నేర్చుకున్నది చెబుతాను. నాదీ ఈ గేర్‌బాక్సే, ఫీనిక్స్‌లో.

ఈ కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచేది ఇంజిన్ కూలెంటే (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం). అంటే కూలెంట్ 108 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆయిల్ అంతకన్నా కిందికి దిగడం కుదరని పని. కాబట్టి మీరు చూడవలసిన అంకె ఆయిల్ ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, దానికీ కూలెంట్‌కూ మధ్య ఉన్న తేడా. కూలెంట్ 115 ఉండి ఆయిల్ 126 ఉంటే మీ చిక్కు రేడియేటర్‌లో ఉంది. కూలెంట్ 98 ఉండి ఆయిల్ 126 ఉంటే గేర్‌బాక్స్‌లోనే ఉంది.

చివరికి కూలర్ పెట్టక తప్పకపోతే, పలకలు పేర్చినట్టుండే రకం తీసుకోండి. గొట్టం చుట్టూ రేకులు అతికించిన చవక రకం జోలికి పోవద్దు. దాన్ని ఇంటర్‌కూలర్ ముందు అడ్డంగా బిగించవద్దు; ఆయిల్ వేడి తగిలి వేడెక్కిన గాలే ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లి, పెరిగిన టార్క్‌లో కొంత తిరిగి పోగొట్టుకుంటారు. ఇంకొకటి, ఆయిల్ వేడెక్కేదాకా దాన్ని కూలర్‌లోకి పోనివ్వని థర్మోస్టాట్ తప్పనిసరి. నేను మొదట అది లేకుండానే పెట్టించాను. జనవరి ఉదయాల్లో ఆయిల్ 45 డిగ్రీలకు మించి ఎక్కక, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఉండేది. ఫీనిక్స్‌లోనే ఇలా ఉంటే, డల్లాస్ చలికాలం ఇంకా అన్యాయం.

అల్యూమినియం ప్యాన్ మీద ఆశ పెట్టుకోవద్దు. అదనంగా పట్టే లీటరు ఆయిల్ వేడెక్కడాన్ని ఒక ల్యాప్ వాయిదా వేస్తుందంతే.

మియాపూర్ షెడ్ (జవాబు 3)

నేను హైదరాబాద్‌లో ఇవే గేర్‌బాక్స్‌లు విప్పుతుంటాను. ఆయిల్ మార్పించానన్నారు, లెవెల్ ఏ ఉష్ణోగ్రత దగ్గర చూశారో ఆ గ్యారేజ్‌ను అడిగారా? దీనికి డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, గేర్లన్నీ ఒకసారి తిప్పి, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఫిల్లర్ ప్లగ్ విప్పితే సన్నటి ధార రావాలి. అదే ఆయిల్ 80 డిగ్రీలకు ఎక్కాక ప్లగ్ విప్పితే, వ్యాకోచించిన ఆయిల్ కారిపోతుంది. అది ఆగేదాకా వదిలి ప్లగ్ బిగిస్తే లెవెల్ తక్కువగా మిగులుతుంది. మూలమలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు పోయినప్పుడు పంపు గాలి పీల్చి, నురుగు పట్టి, పీడనం పడిపోతుంది. రోడ్డు మీద ఇది బయటపడదు.

‘జీవితకాలపు ఆయిల్’ అన్న మాటను కూడా నమ్మవద్దు. జెడ్ఎఫ్ వారే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గానీ, ఎనిమిదేళ్లకు గానీ మార్చమంటారు. ట్రాక్ మీదికి వెళ్లే బండికి అందులో సగానికే మారుస్తాను నేను. ప్యాన్ విప్పినప్పుడు అయస్కాంతాలను వేలితో తడిమి చూడండి. కాటుకలా మెత్తటి బూడిదరంగు పూత ఉంటే భయపడనక్కర్లేదు. వేలికి గుచ్చుకునే పొలుసులు కనిపిస్తే మాత్రం ట్రాక్ మాట మరిచిపోయి, గేర్‌బాక్స్ విప్పించండి.

ఫ్రిస్కో335

అందరికీ ధన్యవాదాలు. మూడు వారాల తర్వాత తిరిగి రాస్తున్నాను.

లెవెల్ 40 డిగ్రీల దగ్గర చూపిస్తే దాదాపు 600 మిల్లీలీటర్లు పట్టింది. ప్లగ్ నుంచి వచ్చిన చుక్కను తెల్లటి టిష్యూ మీద వేసి చూశాను. రంగు ముదిరింది కానీ నల్లబడలేదు, కాలిన వాసనా లేదు. ఆ రోజు వాసన బ్రేకులదే కావచ్చు. లాగ్‌లో నాలుగో గేరులో 140 చుట్ల జారుడు కనిపించింది. ట్యూనర్‌కు పంపితే, గేర్‌బాక్స్‌కు చేరే టార్క్ అంకె 430 దగ్గరే ఆగిపోతోందని ఒప్పుకుని సరిచేశారు. ఇప్పుడు జారుడు 30 లోపే ఉంటోంది.

నిన్న మళ్లీ క్రెసన్ వెళ్లాను. బయట 33 డిగ్రీలు. మొత్తం సెషన్‌లో ఆయిల్ 112 దాటలేదు.

టర్బైన్

బయట ఐదు డిగ్రీలు తగ్గింది కాబట్టి 126తో 112ను నేరుగా పోల్చవద్దు. పిట్‌వాల్ గారు చెప్పిన తేడా ఎంత?

ఫ్రిస్కో335

జూలై లాగ్ తిరగేస్తే కూలెంట్ 103, ఆయిల్ 126. నిన్న కూలెంట్ 101, ఆయిల్ 112. అంటే 23 ఉన్నది 11 అయింది.

పిట్‌వాల్

అయితే కూలర్ డబ్బు మిగిలినట్టే. బ్రేక్ ప్యాడ్‌లకు వాడండి. చివరి ల్యాప్‌ను పెద్ద గేరులో, సగం యాక్సిలరేటర్‌తో తిరిగి రండి. పిట్‌లోకి వచ్చాక బ్రేక్ తొక్కి డి (డ్రైవ్) లో నిలబెట్టకుండా పార్క్‌లో వేసి, రెండు నిమిషాలు ఇంజిన్ నడవనివ్వండి. మళ్లీ జూలైలో వెళ్లినప్పుడు ఆ తేడా 15 దాటితే ఇక్కడే రాయండి.