రాత్రిపూట వినడానికి ఎన్యా లాంటి సెల్టిక్ సంగీతం ఇంకేముంది?

వెన్నెల_వాకిలి:
నైట్ షిఫ్టులో ఐర్లండ్ గాయని ఎన్యా పాటలు పెట్టుకుని పని చేసుకోవడం అలవాటైంది. మాట అర్థం కాకపోయినా పాత కోట, పొగమంచు, అడవి కళ్ల ముందుకొస్తాయి. ఇలాంటి సెల్టిక్ సంగీతం, అదే ఐర్లండ్, స్కాట్లండ్ వైపు జానపద బాణీలో ఉండేది, ఇంకేమైనా ఉంటే చెప్పండి. యూట్యూబ్‌లో 'ఎనిమిది గంటల సెల్టిక్' అని కొడితే వచ్చేవన్నీ ఒకేలా ఉంటున్నాయి. అదే కోట బొమ్మ, అదే వేణువు.

గోదారి_గట్టు:
ముందు ఆవిడ ఇంటివాళ్లనే వినండి. క్లానాడ్ వాళ్లది ఐర్లండ్‌లో డొనెగల్ కౌంటీ, గ్వీడోర్ ప్రాంతం. అక్క మోయా, ఇద్దరు అన్నలు, కవలలైన ఇద్దరు మేనమామలు కలిసి పెట్టిన బ్యాండ్. ఎన్యా 1980లో చేరి 1982లో బయటికొచ్చేసింది. అక్కడ ఇళ్లలో మాట్లాడేది ఐరిష్ భాషే, అందుకే ఆ గొంతుల్లో ఐరిష్ అతికించినట్టు ఉండదు. 1982లో వచ్చిన 'థీమ్ ఫ్రమ్ హ్యారీస్ గేమ్'తో మొదలుపెట్టండి. ఐరిష్‌లో పాడిన పాట బ్రిటన్ చార్టుల్లో అయిదో స్థానం దాకా వెళ్లింది. మీ అడవి కావాలంటే 1984 నాటి 'లెజెండ్' ఆల్బమ్. రాబిన్ హుడ్ టీవీ సీరియల్ కోసం చేసినది.

చింతచిగురు:
హ్యారీస్ గేమ్ పాటని రిలాక్సింగ్ ప్లేలిస్టుల్లో చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఉత్తర ఐర్లండ్ హింస మీద తీసిన టీవీ డ్రామా కోసం కట్టిన పాట అది. వచ్చినవన్నీ పోయేవే, చంద్రుడూ సూర్యుడూ కూడా పోతారు అని సాగుతుంది సాహిత్యం. మన తత్వాల దారిలోనే ఉంది. నిద్ర కోసం వింటానంటే వినండి, తప్పేం లేదు. కానీ ఒక్కసారైనా మెలకువగా ఉండి వినాల్సిన పాట.

రికార్డింగ్_రాజు:
ఎన్యా విషయంలో చాలామంది కోరస్ ఉందనుకుంటారు. కోరస్ లేదండీ, అన్ని గొంతులూ ఆవిడవే. నిర్మాత నిక్కీ రయన్ ఒక్కో వరసనీ ఆవిడ చేత మళ్లీ మళ్లీ పాడించి ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. పదుల్లో మొదలై కొన్ని పాటల్లో వంద దాటుతుంది. ఒకసారి పాడినదాన్ని కాపీ చేసి అతికిస్తే ఆ నిండుదనం రాదు. ప్రతిసారీ శ్రుతిలో, ఊపిరి తీసే చోట వెంట్రుకవాసి తేడా ఉండాలి. మనకి పొగమంచులా వినిపించేది ఆ తేడాలే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దీర్ఘం తీసి ఆపే చోట గమనించండి, చివరి అచ్చు అన్ని గొంతుల్లోనూ ఒకేసారి ఆగదు. మీరు చెప్పిన ఎనిమిది గంటల వీడియోల్లో ఇదే ఉండదు. సింథసైజర్ మీద చెయ్యి పెట్టి వదిలేస్తారు. ఇంకోటి, ఈవిడ సోలోగా ఒక్క కచేరీ టూర్ కూడా చేయలేదు.

శ్రుతిబాక్స్:
కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది. ఐరిష్ సంప్రదాయ ట్యూన్లు చాలావరకు నాలుగు మోడ్‌లలోనే, అంటే మన మేళాల్లాంటి స్వరాల వరసల్లోనే ఉంటాయి. అయోనియన్ స్వరాలు మన శంకరాభరణానివి, డోరియన్‌వి ఖరహరప్రియవి, మిక్సోలిడియన్‌వి హరికాంభోజివి, ఈయోలియన్‌వి నఠభైరవివి. స్వరాలు మాత్రమే సుమా, గమకాలూ నడకా వేరు. ఐర్లండ్ బ్యాగ్‌పైప్స్ అయిన ఇలన్ పైప్స్‌లో వెనక ఆగకుండా మోగే డ్రోన్ స్వరం ఉంటుంది, తంబూరా పనే. దీక్షితార్ ఆ రోజుల్లోనే బ్యాండు ట్యూన్లు విని శంకరాభరణ స్వరాల్లో నోట్టుస్వరాలు కట్టారు కదా, ఈ చుట్టరికం కొత్తదేం కాదు.

వెన్నెల_వాకిలి:
థ్యాంక్సండీ. లెజెండ్ పెట్టాను, రాత్రంతా అదే. ఇలన్ పైప్స్ మాత్రం కొంచెం ఘాటుగా అనిపించాయి. ఎన్యా ఏదో ఎల్ఫ్ భాషలో పాడిందటగా, నిజమేనా?

కోడికూత:
నిజమే బ్రో. 2001లో 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సినిమా కోసం 'మే ఇట్ బీ' పాడింది. ఎక్కువ భాగం ఇంగ్లిషే, మధ్యలో కాస్త క్వెన్యా అనే ఎల్ఫ్ భాష. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఆ తర్వాత పాటలు రాసే రోమా రయన్ ఏకంగా లోక్సియన్ అని సొంత భాషే తయారుచేసింది. 2005 నాటి 'అమరంటీన్'లో కొన్ని పాటలు అందులోనే ఉన్నాయి. నాకైతే అది కాస్త ఓవర్ అనిపించింది, ఐరిష్‌లో పాడినవే ఇష్టం.

గోదారి_గట్టు:
లోరీనా మెకెన్నిట్‌ని మర్చిపోవద్దు. కెనడా ఆవిడ, హార్ప్ వాయిస్తూ పాడుతుంది. సెల్ట్‌లనే ప్రాచీన జాతుల జాడ వెతుక్కుంటూ స్పెయిన్, మొరాకో వైపు కూడా వెళ్తుంది ఆవిడ సంగీతం, అరబ్బుల తంత్రీవాద్యం ఊద్ కూడా వినిపిస్తుంది. 'ద మాస్క్ అండ్ మిర్రర్' 1994, 'ద బుక్ ఆఫ్ సీక్రెట్స్' 1997. ఇందులో కథ ఎక్కువ, నిద్ర తక్కువ.

రికార్డింగ్_రాజు:
పైప్స్ ఘాటు అన్నారు కదా. ఆ వాయిద్యానికి నోటితో ఊదే పని లేదు, మోచేతి కింద చిన్న కొలిమితిత్తి నొక్కుతూ కూర్చుని వాయిస్తారు. స్కాట్లండ్ బ్యాగ్‌పైప్స్‌తో పోలిస్తే ఇది మెత్తనే. ఫోన్ స్పీకర్‌లో వింటే మాత్రం ఏ పైప్ అయినా చెవిలో గుచ్చుతుంది. హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ తగ్గించి వినండి, అప్పటికీ పడకపోతే హార్ప్ వైపు వెళ్లండి. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంత కళాకారుడు అలాన్ స్తివెల్ 1971 ఆల్బమ్ 'రెనెసాన్స్ ఆఫ్ ద సెల్టిక్ హార్ప్' వెతకండి.