అప్‌డేట్: మా బాబు అక్షరాలు విడిగా గుర్తుపడుతున్నాడు

యూకేజీ చదివే మా బాబు అ ఆ ఇ ఈ గడగడా అప్పజెప్తాడు కానీ, మధ్యలో ఒక అక్షరం చూపిస్తే బిక్కమొహం వేస్తాడని, పెన్సిల్ ఇస్తే ఏడుస్తాడని ఇంతకుముందు అడిగాను. సలహాలు చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్.

వరస పక్కనపెట్టి, ఒకే పోలిక ఉన్నవి కలిపి నేర్పమన్న సలహా బాగా పనిచేసింది. వ రాయడం వచ్చాక, పక్కన కొమ్ము తగిలిస్తే మ అని చూపించాను. ద కింద చిన్న గీత పెడితే ధ, దాని కడుపులో చుక్క పెడితే థ. ఇప్పుడు వాడే "అమ్మా, చుక్క మర్చిపోయావ్" అంటున్నాడు!

పెన్సిల్ కొన్నాళ్ళు దాచేశాం. వాళ్ళ అవ్వ చేటలో ఇసుక పోసి వేలితో దిద్దించింది, తర్వాత పలకా బలపం. చేతికి పట్టు వచ్చాక ఏడుపు తగ్గింది.

అన్నిటికంటే సాయం చేసింది మా ఊరి పేరే. కడపలో గుణింతం లేదు, ఒత్తు లేదు. బస్సు బోర్డు మీద క, డ, ప విడివిడిగా చదివి, మూడూ కలిపి అరిచాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

న, స దగ్గర ఇంకా తడబడుతున్నాడు. స్కూల్లో అప్పుడే గుణింతాలు రాయమంటున్నారు, దానికే టెన్షన్. ముందు తలకట్టు, దీర్ఘం, గుడి వరకే నేర్పిస్తే సరిపోతుందా? మీ పిల్లలకు ఎలా నేర్పారో చెప్పండి.