గోదావరి గట్టున కళామండపం: డిజైన్‌కి సలహాలు కావాలి

రెల్లుపూలు: బి.ఆర్క్ చివరి ఏడాది థీసిస్‌కి రాజమండ్రి గోదావరి ఒడ్డున కళామండపం తీసుకున్నాను. నాటకాలు, హరికథలు, బొమ్మల ప్రదర్శన, అన్నిటికీ పనికిరావాలి. డిజైన్ ఆ నదిలోంచే పుట్టాలని నా కోరిక. తెరచాపలాంటి కప్పు వేయాలా, లంకల్లా విడివిడి వేదికలు వేయాలా తేలడం లేదు.

తాలాబ్‌గట్టు: ముందు భోపాల్ వెళ్లి భారత్ భవన్ చూసి రండి. ఛార్లెస్ కొరియా డిజైన్, 1982లో తెరిచారు. ఉద్యోగరీత్యా అక్కడున్నప్పుడు సాయంత్రాలు అక్కడే గడిపేదాన్ని. పెద్ద చెరువు పక్కన కొండవాలులో ఒదిగిపోయి ఉంటుంది. పైనుంచి లోపలికి వెళ్లి, అంచెలంచెలుగా నీటి వైపు దిగుతాం. మనం నడుస్తున్న డాబాయే కింది గదికి కప్పు. గ్యాలరీలన్నీ పల్లపు ముంగిళ్ల చుట్టూ ఉంటాయి. ‘బహిరంగ్’ అనే ఆరుబయట వేదిక దగ్గర కూర్చుంటే ఎదురుగా చెరువే. అక్కడ కొండ ఆకారాన్ని బొమ్మ గీసినట్టు దించలేదు, వాలునే వాడుకున్నారు. మీకు తెరచాప అక్కర్లేదమ్మా, గట్టు వాలు చాలు.

వరదగేజీ: ఆవిడ మాటే నాదీ, కాకపోతే మీ వాలు వరదలో మునిగేది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. అవి బ్యారేజీ గేజీ (నీటిమట్టం చూపే కొలబద్ద) అడుగులు. సర్వే లెవెల్స్‌లోకి మార్చుకుని, కప్పు సంగతి తర్వాత, ముందు మీ సెక్షన్ (గట్టుని నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగ్) మీద ఆ మూడు గీతలూ గీయండి. కింద రాతిమెట్లు తప్ప ఏమీ వద్దు. కరెంటు బోర్డు, బొమ్మల గది మూడో గీతకి బాగా పైన ఉండాలి. వరద తీశాక మెట్ల మీద వండు (ఒండ్రుమట్టి) మేట వేస్తుంది. తడిగా ఉన్నప్పుడే పైపుతో కొడితే పోతుంది, ఎండితే పారతో గీకాల్సిందే. అందుకని మూలలు, గూళ్లు లేకుండా చూడండి, కాలువ నోరు వెడల్పుగా పెట్టండి.

పద్యనాటకం: నటుడిగా నా బాధ చెప్తాను. మన గట్టు మీంచి చూస్తే సూర్యుడు నది వైపే దిగుతాడు. నదిని వేదిక వెనక పెట్టారా, పొద్దుగూకే వేళ నాటకంలో జనానికి మా మొహాలు కనపడవు, ఎండంతా వాళ్ల కళ్లలోనే. నది ఎడమచేతి వైపు వచ్చేలా, ఎగువకి తిప్పి కూర్చోబెట్టండి. నది వైపు అడ్డంగా ఓ గోడ కావాలి, లేకపోతే మైకులో పద్యం కాదు, గాలి వినపడుతుంది. సురభి నాటక సమాజం వాళ్లు ఆడాలంటే, గాల్లో ఎగిరే దృశ్యాలకి తీగలు కట్టుకోవడానికి పైన గట్టి దూలాలుండాలి. ఆడవాళ్లకి వేరే మేకప్ గది, బాత్రూమ్ మర్చిపోకండి, దయచేసి.

రెల్లుపూలు: సూర్యుడి సంగతి నిజంగా తట్టలేదు సార్, ప్లాన్ తిప్పేస్తున్నాను. మేకప్ గదులు మూడో గీత పైన పెడితే వేదికకి దూరమవుతున్నాయి. మెట్లు చాలా, ర్యాంపు కావాలా?

పద్యనాటకం: ర్యాంపే పెట్టమ్మా. హార్మోనియం, ట్రంకు పెట్టెలు మోసేది మేమే, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ.