షేరు ధర సగానికి పడినా ఆర్‌ఎస్‌యూ ఖర్చు తగ్గదా?

ప్రశ్న:
మా కంపెనీ షేరు బాగా పడిపోయింది, అయినా లాభనష్టాల ఖాతాలో ఆర్‌ఎస్‌యూల (కొన్నేళ్లు పనిచేస్తే ఉద్యోగులకు ఇస్తామనే షేర్లు) ఖర్చు ఏమీ తగ్గలేదు. చేతి నుంచి నగదు కూడా పోలేదు కదా, మరి ఇది ఖర్చెలా అవుతుందండీ?

జవాబు 1:
షేర్లుగా ఇచ్చే అవార్డుకు గ్రాంట్ రోజు (అవార్డు ఇస్తామని ఒప్పుకున్న రోజు) విలువే లెక్క, తర్వాత ధర ఎటు పోయినా మారదు. 1,000 ఆర్‌ఎస్‌యూలు, ఆ రోజు షేరు 50, నాలుగేళ్ల తర్వాత ఒకేసారి వెస్టింగ్ (అంటే షేర్లు ఉద్యోగి సొంతమవడం) అనుకోండి: మొత్తం 50,000, ఏటా 12,500 ఖర్చు, అంతే మొత్తం ఈక్విటీలో (వాటాదారుల నిధిలో) జమ. నగదు పోకపోయినా ఉద్యోగి పని అందింది, పాత వాటాదారుల వాటా పలచబడింది. ఇది ఖర్చు కాదనే వాదన నాకు అస్సలు నచ్చదు.

జవాబు 2:
ఆప్షన్లయితే (ముందే కుదిరిన ధరకు షేరు కొనుక్కునే హక్కు) విలువ కట్టడమే తలనొప్పి. ఆప్షన్ విలువ కట్టే బ్లాక్-షోల్స్ లాంటి మోడల్‌లో షేరు ఒడిదుడుకులు, ఎన్నాళ్లకు వాడుకుంటారనే అంచనా వేయాలి, ఒడిదుడుకుల అంచనా కాస్త తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది, అందుకే నేను ముందు కంపెనీ ఖాతాల కింది నోట్స్‌లో ఆ అంకెలే చూస్తాను.

ప్రశ్న అడిగినవారు:
మధ్యలో మానేస్తే?

జవాబు 1:
వెస్ట్ కాకముందే మానేస్తే, వాటిపై రాసిన ఖర్చు వెనక్కి తీసేస్తారు. వెస్టయ్యాక ఆప్షన్ వాడకుండా వదిలేస్తే మాత్రం తీయరు. నగదుగా చెల్లించే అవార్డులైతే కథ వేరు, వాటిని చెల్లించేదాకా ప్రతి రిపోర్టుకీ కొత్త విలువతో లెక్కగడతారు.