శ్రీకాకుళంలో ఇంటి ముందు రెజిన్ దారి ఏ నెలలో వేయించాలి?

ప్రశ్న: ఆమదాలవలసలో గేటు నుంచి కారు షెడ్డు దాకా 400 చదరపు అడుగులు. కింద కాంక్రీటు పోశాం. పైన రాతి చిప్స్ కలిపిన రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ జిగురు) పొర దీపావళి లోపు వేయించొచ్చా, సంక్రాంతి దాకా ఆగాలా?

జవాబు: ఆగండి. అక్టోబరులో మన తీరాన్ని నమ్మలేం. హుద్‌హుద్ (2014), తిత్లీ (2018) తుపాన్లు రెండూ ఆ నెలలోనే వచ్చాయి. పాలీయురేథేన్ రెజిన్ గట్టిపడకముందే తడి తగిలితే నురగలా పొంగి తెల్లబారుతుంది. ఆ మచ్చ కడిగితే పోదు, అంతవరకూ తవ్వి మళ్లీ వేయాల్సిందే. సంక్రాంతి తర్వాత, మార్చి మొదటి వారాల్లోపు పెట్టుకోండి.

జవాబు: జనవరి మంచుని తేలిగ్గా తీసుకోవద్దండీ. పొద్దెక్కి, కాంక్రీటు పొడిగా చేతికి తగిలాకే మొదలుపెట్టాలి. మధ్యాహ్నం రెండుకల్లా ముగించాలి. ముందురోజు మీటరు ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగంచులూ టేపు వేయండి. 24 గంటల తర్వాత లోపలివైపు చెమ్మ బొట్లు కనిపిస్తే స్లాబు ఇంకా ఆరలేదు. కొత్త కాంక్రీటుకి 28 రోజులు నిండాలి.

ప్రశ్న: ఏప్రిల్‌కి జరిగితే? సరుకెంత పడుతుంది?

జవాబు: ఎండకి రెజిన్ త్వరగా పట్టేస్తుంది. తాపీ ఆడదు, ఒక విడత మిక్సుకీ మరో విడతకీ మధ్య అతుకు కనిపిస్తుంది. 18 మిల్లీమీటర్ల మందానికి చిప్స్ సుమారు 11 క్వింటాళ్లు. 110 కిలోలకి 7.5 కిలోల రెజిన్ లెక్కన 75 కిలోలు. చిప్స్ పూర్తిగా ఎండినవే కావాలి. రెజిన్ ఎండకి పసుపెక్కని అలిఫాటిక్ రకమే అడగండి.