పుట్ట మీద మొలిచే గొడుగుల్ని సంచిలో పెంచొచ్చా?

చంద్రగిరి పిల్ల:
మా అమ్మమ్మగారి ఊరు చంద్రగిరి పక్కన. పోయిన వారం ఉరుములతో వాన పడింది. తెల్లారే సరికి శెనక్కాయ చేను గట్టున ఉన్న పుట్ట చుట్టూ తెల్లగా పుట్టగొడుగులు. అవ్వ ఒడినిండా కోసుకొచ్చి పులుసు చేసింది. ఆ రుచి అంగట్లో కొన్నవాటికి ఎప్పుడూ రాలేదు. కానీ నాలుగు రోజులకే అయిపోయాయి, మళ్ళీ మొలవలేదు.

తిరుపతిలో మా మిద్దె మీద ఒక గది ఖాళీగా ఉంది. పోయిన ఏడాది ఆ పుట్టమన్ను కొంచెం తెచ్చి, వరిగడ్డితో కలిపి సంచిలో పెట్టి, రోజూ నీళ్ళు చల్లాను. ఇరవై రోజులకి నల్లబూజు, ముక్కు మూసుకోవాల్సినంత కంపు. ఎక్కడ తప్పు చేశాను?

వృక్షశాస్త్రం మాస్టారు:
తప్పు నీది కాదమ్మా. ఆ పంట పండించేది చెదపురుగులు. అవి ఎండుటాకులు, పుల్లలు నమిలి పుట్టలోపల తేనెపట్టు లాంటి గూడు కడతాయి. దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. చెదలు అరిగించుకోలేని గట్టి పీచుని అది మెత్తబరుస్తుంది, తర్వాత చెదలు దాన్ని తింటాయి. ఈసారి అవ్వ పీకేటప్పుడు చూడు, కాడ అడుగున వేరులాగ పొడుగ్గా సాగి మట్టిలోకి దిగి ఉంటుంది. అది ఆ గూటి దాకా పోతుంది. చెదలు లేకుండా ఈ రకాన్ని సేద్యంగా పండించడం ఇంతవరకూ కుదరలేదు.

ఇంకొకటి. మనం కోసేది కాయ మాత్రమే. అసలు శిలీంధ్రం లోపల కంటికి కనపడకుండా దాగి ఉండే తెల్లటి దారాల అల్లిక. నేల బాగా తడిసినప్పుడే అది కాయని పైకి తోస్తుంది. అందుకే వానకి ఒక్క రాత్రిలో మొలిచినట్టు అనిపిస్తుంది. సంచిలో పెంచినా అంతే, ముందు ఆ దారాలని పెంచాలి.

పలమనేరు రైతు:
మాస్టారు చెప్పింది నిజం. నేను ముత్యపుచిప్ప రకంతో మొదలుపెట్టినా, అదే ఆయిస్టర్. మొదటి నలభై సంచుల్లో ముప్పై పచ్చబూజు పట్టి పాయె. గడ్డి సరిగ్గా ఆరకముందే నింపినా, అంతే.

ఇప్పుడు చేసేది ఇది. కొత్త వరిగడ్డి, వానకి తడిసింది వద్దు. రెండంగుళాల ముక్కలు కోసి రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున గంటసేపు కాగేనీళ్ళలో ఉంచుతాం. నీడలో శుభ్రమైన గుడ్డ మీద ఆరబోస్తాం. పిడికిట్లో గట్టిగా పిండితే చుక్క రాలకూడదు, అరచెయ్యి మాత్రం తడి కావల్ల. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. విత్తనం అంటే తెల్లదారాలు కమ్ముకున్న జొన్నలు. గడ్డి ఒక వరస, అంచు వెంబడి విత్తనం ఒక వరస. చేతులు సబ్బుతో కడుక్కోకుండా సంచి ముట్టుకోవద్దు. చీకటి గదిలో పదిహేను ఇరవై రోజులకి సంచంతా తెల్లబడతాది. అప్పుడే గాట్లు పెట్టి, వెలుతురూ గాలీ ఇచ్చి, గది తేమగా ఉంచల్ల. గాలి చాలకపోతే కాడలు సాగి, గొడుగు బొత్తాం అంతే ఉండిపోతాది.

మా పలమనేరు చల్లగా ఉంటాది గాబట్టి సాగింది. తిరుపతి ఎండకి ఇది కష్టం.

బైరాగిపట్టెడ అక్క:
తిరుపతిలో ఎండాకాలం పాలపుట్టగొడుగు పెట్టు చెల్లీ, మిల్కీ అంటారే అది. 30, 35 డిగ్రీల్లో కూడా వస్తుంది. సంచి తెల్లబడ్డాక పైభాగం కోసేసి, ఆవిరి పట్టిన మట్టి ఒక అంగుళం మందాన పరచాలి. ఆ మట్టి తేమ ఆరనివ్వకూడదు. పది రోజులకి మొటిమల్లాగ మొలకలు కనిపిస్తాయి. కోశాక రెండు మూడు రోజులు వాడిపోకుండా ఉంటాయి, ఇంటిపక్కల అమ్ముకునేవాళ్ళకి అదే పెద్ద మేలు.

ఆయిస్టర్ పెంచినప్పుడు నాకు దగ్గు పట్టుకుంది. గొడుగు పూర్తిగా విప్పుకున్నాక దాని అడుగునుంచి సన్నని పొడి రాలుతుంది, అది ఊపిరితిత్తులకి పడదు. అంచులు పైకి లేవకముందే కొయ్యి, గదిలోకి మాస్కు కట్టుకొని వెళ్ళు.

పుంగనూరు ఆవులాయన:
మాకు ఆవులకే వరిగడ్డి చాలడంలేదు. చెరకు పిప్పి వాడొచ్చా?

పలమనేరు రైతు:
వాడొచ్చన్నా. నానబెట్టడం, కాచడం గడ్డికి మాదిరే.

రేణిగుంట నర్సు:
సేద్యం సంగతి బాగుంది. నేను అడవి గొడుగుల గురించి చెప్పాలి, దయచేసి చదవండి. మా బంధువుల ఇంట్లో వాన తర్వాత పెరటి గడ్డిలో మొలిచిన పెద్ద తెల్లగొడుగులు వండుకున్నారు. రెండు గంటలకే నలుగురికీ వాంతులు, విరేచనాలు. సెలైన్ పెట్టాక కోలుకున్నారు. అంతకంటే భయపెట్టే రకం ఇంకొకటి ఉంది. తిన్నాక ఆరు గంటలు, పన్నెండు గంటలు ఏమీ కాదు. తర్వాత వాంతులు మొదలై, ఒకరోజు తగ్గినట్టే ఉంటుంది. ఆలోపే కాలేయం పాడవుతుంది. ఉడికించినా ఆ విషం పోదు.

వెండి గరిటె నల్లబడితేనే విషమని, వెల్లుల్లి రంగు మారకపోతే మంచిదని అంటారు. ఆ పరీక్షలు నమ్మి వండొద్దు. పురుగు కొరికింది కదా అని కూడా తినొద్దు. తిన్నాక ఒంట్లో తేడా వస్తే, మిగిలిన ముక్కని కాగితంలో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చంద్రగిరి పిల్ల:
అక్కా, ఇది చదివి అవ్వకి ఫోను చేశాను. ఆమె ఎప్పుడూ ఆ ఒక్క పుట్ట దగ్గరే కోస్తుందట, అదీ వాళ్ళమ్మ చూపించిన రకమే. కొత్తచోట మొలిస్తే ముట్టదట. నేను మట్టి తవ్వుకొచ్చిన సంగతి చెబితే బాగా బాధపడింది. "గూడు చెదిరితే మళ్ళీ ఏడాది యాడ్నించి వస్తాయే?" అనింది. ఇంక ఆ పుట్ట జోలికి పోను.

చంద్రగిరి పిల్ల: (మూడు వారాల తర్వాత)
మిల్కీ విత్తనం తెచ్చి ఆరు సంచులు పెట్టాను. పిడికిలి పరీక్ష చేసే నింపాను, పలమనేరు అన్నకి దండాలు. ఈరోజు పంతొమ్మిదో రోజు. అయిదు తెల్లగా కమ్ముకున్నాయి. ఒకదాంట్లో అడుగున పచ్చమచ్చ ఉంది, దాన్ని ఏం చేయాలి?

బైరాగిపట్టెడ అక్క:
గదిలో విప్పొద్దు. మూతి కట్టి ఉన్నట్టే బయటికి తీసుకెళ్ళి దూరంగా పాతిపెట్టు. చేతులు కడుక్కున్నాకే మిగతావాటి దగ్గరికి వెళ్ళు. మట్టికి ఈ రాత్రే ఆవిరి పట్టు, చల్లారాక రేపు పరుద్దువు.